రెండో చరణం

పాట సగంలో ఉండగా బెవ్ ఆ మనిషి పెదాలు చూసింది. చూడగానే బాస్ గిటార్ మీద ఆమె వేలు ఒక తీగ తప్పింది. తప్పిన సంగతి ఎవరికీ తెలియలేదు. 'తడిసిన అగ్గిపుల్లలు' అనే ఆ బృందం తప్పు లేకుండా వాయించిన రోజంటూ ఏనాడూ లేదు కాబట్టి, తెలిసే అవకాశమూ లేదు.

ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో ఒక పాత ఉన్ని మిల్లు మేడమీద, శనివారం మధ్యాహ్నం జరుగుతున్న కచేరీ అది. తిండికి కటకటగా ఉన్న ఇళ్ళకు సరుకులిచ్చే కేంద్రం కోసం ఏర్పాటు చేశారు. వచ్చినవాళ్ళంతా ఒకప్పటి పంకులు, అంటే మోత పాటలతో లోకం మీద తిరగబడిన కుర్రకారు. సర్కారు వద్దు, రాణి వద్దు, యుద్ధం వద్దు, మాంసం వద్దు అని గొంతులు చించుకున్నవాళ్ళు. ఇప్పుడు మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళు ముందు వరస కుర్చీల్లో కూర్చున్నారు, మార్పించుకోవాల్సినవాళ్ళు గోడకు ఆనుకున్నారు. నల్ల చొక్కాలు అవే, లోపలి పొట్టలే పెరిగాయి. సబ్బు రాసి ముళ్ళలా నిలబెట్టిన జుట్టు ఆ రోజుల్లో ఏ దువ్వెనకూ లొంగేది కాదు. ఇప్పుడు దువ్వెనకే పని లేకుండా పోయింది.

డ్రమ్ముల ముందు డెరెక్ ఉన్నాడు. ఆనాటి బృందంలో బెవ్ కాకుండా మిగిలింది అతనొక్కడే. కుళాయిలు బాగుచేసే పని చేసి, ఈమధ్యే మానేసి, పెరట్లో పండిన రేగుపళ్ళతో జామ్ కాచుకుంటున్నాడు. మైకు ముందు అతని కూతురు టెస్. మైకు అసలు బెవ్ చెల్లెలు జెన్‌ది. జెన్ ఉంటే టెస్ అక్కడ నిలబడే పనే లేదు.

వాళ్ళు వాయిస్తున్న పాట 'ఎవడు పంపాడు'. పల్లవి మొదలైతే మేడ అదిరిపోతుంది. "ఎవడు నువ్వు? ఎవడు పంపాడు? ఎవడి చెవివి నువ్వు?" అని పిడికిళ్ళు ఎత్తి అందరూ అరుస్తారు. తీరా చరణం వచ్చేసరికి టెస్ "నా నా నా" అంటూ ఎలాగో నెట్టుకొస్తుంది. ఆ పిల్ల తప్పు కాదు. ఆ చరణాలు ఎవరికీ రావు. రాసింది జెన్, పాడింది జెన్. డ్రమ్ముల మోతలో, గిటార్ల గీకుడులో ఆమె ఏమంటోందో పక్కనే నిలబడి వాయించిన బెవ్‌కే ఎన్నడూ వినబడలేదు. పంకు పాటలో మాటలు అర్థం కావాలని పట్టుబట్టేవాడు పంకే కాదని అప్పట్లో అందరి అభిప్రాయం.

అలాంటి చరణం దగ్గర, కిటికీ పక్కన నిలబడిన ఒక ముసలాయన పెదాలు కదిలాయి. టెస్ నా నా అంటోంది. ఆయన నా నా అనడం లేదు. మాటలు పలుకుతున్నాడు. ఒక పాదం తర్వాత ఇంకో పాదం, ఊపిరి తీయవలసిన చోట తీసి మరీ.

బెవ్ ఆ పెదాల మీంచి చూపు తిప్పలేదు.

అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు, పంకుతో వచ్చింది. వచ్చినది మళ్ళీ పోలేదు. పంకు పోయి, పెళ్ళొచ్చి, పెళ్ళి పోయి, బస్సు నడిపే ఉద్యోగం వచ్చినా అనుమానం మాత్రం ఇంటి పిల్లిలా ఆమె వెంటే ఉంది. కాఫీ దుకాణంలో కప్పు మీద రాయడానికి పేరడిగితే ఇప్పటికీ తప్పుడు పేరే చెబుతుంది. ఫోను కెమెరా మీద అట్టముక్క అంటించుకుంటుంది. బస్సెక్కి ఎవరైనా అవసరానికి మించి మర్యాదగా పలకరించారంటే, దిగేదాకా వాళ్ళను అద్దంలో కనిపెడుతూనే ఉంటుంది.

ఆ రోజులు తలుచుకుంటే మాత్రం ఆమె ముఖం మెత్తబడుతుంది. బృందమంతా కలిసి కొండవాలు వీధిలో ఎవరూ లేని ఇల్లు చూసి, తాళం విప్పి, అందులో కాపురం పెట్టారు. పొయ్యి మీద ఎప్పుడూ ఒక పెద్ద గిన్నెలో పప్పు ఉడుకుతూ ఉండేది. ఎవరొచ్చినా నీళ్ళు పోసి పలచన చేసేవాళ్ళు. ఉత్తరాల మీద స్టాంపులకు సబ్బు పూసేవాళ్ళు, అవతలివాళ్ళు ముద్ర కడిగేసి అదే స్టాంపుతో జవాబు రాసేవాళ్ళు. పోలీసులు టెలిఫోను వింటారని భయపడి గుసగుసలాడేవాళ్ళు. ఆ ఇంట్లో టెలిఫోనే లేదన్న సంగతి ఎవరికీ గుర్తొచ్చేది కాదు. అంత ఆనందంగా బెవ్ మళ్ళీ ఎప్పుడూ భయపడలేదు.

ఆ ఇంట్లో నాయకులు లేరు. ఓట్లు లేవు. ఏదైనా అందరూ సరేనంటేనే జరగాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోవాలి. అలా అందరూ సరేనన్న నియమాల్లో మాంసం, పాలు ముట్టకూడదన్నది ఒకటి, పాటలు రికార్డు చేయకూడదన్నది ఇంకొకటి. రికార్డు చేస్తే సరుకవుతుంది, సరుకైతే అమ్ముడవుతుంది, లేదా కోర్టులో సాక్ష్యమవుతుంది అని బెవ్ వాదించింది. రాత్రంతా వాదించింది. తెల్లారేసరికి నిద్ర ఆపుకోలేక అందరూ ఒప్పుకున్నారు. పాట పుట్టినచోటే పోవాలన్నది సిద్ధాంతం.

పాటలు సిద్ధాంతం ప్రకారమే పోయాయి. వాటితో పాటు జెన్ కూడా పోతుందని ఎవరనుకున్నారు? ఎనభై అయిదు చలికాలంలో ఆ చెమ్మ ఇంట్లో ఆమెకు ఉబ్బసం ముదిరింది. ఆస్పత్రికి చేరేలోపే అంతా అయిపోయింది. ఇరవై రెండేళ్ళ పిల్ల.

ఫొటోలు ఉన్నాయి. చినిగిన తోలు జాకెట్ ఉంది. గొంతు లేదు. కొన్నేళ్ళ కిందట, వానలో ఖాళీ బస్సు నడుపుతూ బెవ్ ఎందుకో చెల్లెలి గొంతును గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. అరిచే తీరు గుర్తుంది, గొంతు గుర్తు లేదు. బస్సును స్టాపు దాటించి ఆపి, స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చింది. అప్పటినుంచి ఆమెకు ప్రపంచంలో కావలసింది ఒక్కటే. జెన్ గొంతు ఇంకొక్కసారి వినాలి. అది జరగదని తెలుసు. జరగకుండా చేసిన మనిషి తనేనని కూడా తెలుసు.

కచేరీ అయ్యాక వంటగదిలో డెరెక్‌ను మూలకు తీసుకుపోయి, కిటికీ పక్క మనిషి సంగతి చెప్పింది. అతను గరిటెతో కూర కలుపుతూ నవ్వాడు.

"నీకు తాడు కనబడినా పామే, బెవ్. ముసలాయనకి పళ్ళసెట్టు వదులై పెదాలు ఆడుంటాయి."

"మాటలు పలికాడురా. చరణం మాటలు."

"నీకు తెలుసా మాటలు?"

"తెలీదు."

"మరి వాడు పలికినవి అవేనని ఎలా తెలిసింది తల్లీ?"

జవాబు లేనప్పుడు బెవ్‌కు కోపం వస్తుంది. గిన్నె తీసుకుని కూర వరసలోకి వెళ్ళి, సరిగ్గా ఆ మనిషి వెనక నిలబడింది. ముందు బూట్లు చూసింది. తుడిచి మెరిపించిన బూట్లు. అక్కడున్న ఎనభై మందిలో ఇంకెవరి బూట్లూ మెరవడం లేదు. తర్వాత చేతులు చూసింది. ఎడమ బొటనవేలు గోరు రెండుగా చీలి ఉంది. ఆ గోరు ఆమెకు తెలుసు. వ్యాను తలుపులో పడి నలిగిన రోజున దానికి గుడ్డ కట్టింది తనే.

"మాల్కమ్," అంది.

ఆయన చటుక్కున తిరగలేదు. ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా తిరిగాడు. పిలిస్తే వెంటనే పలకనివాడికి అది సొంత పేరు కాదని బెవ్ ఎప్పుడో ఎక్కడో విన్నది.

మాల్కమ్ అంటే వ్యాన్ మాల్కమ్. వాయిద్యాలు మోసే వ్యాను అతనిది. ఒక ఊళ్ళో కచేరీకి వచ్చాడు, మర్నాడు సామాను ఎక్కించాడు, ఆ తర్వాత ఇంట్లోనే ఉండిపోయాడు. రెండేళ్ళున్నాడు. జెన్‌ను పాతిపెట్టిన వారానికి, చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. దుఃఖం తట్టుకోలేక పోయాడని డెరెక్ అన్నాడు. బెవ్‌కు అప్పుడే నమ్మబుద్ధి కాలేదు. ఆ వ్యాను ఎంత చలిలోనైనా ఒక్క తిప్పుకే అందుకునేది. రోడ్డు పన్ను కట్టిన చీటీ అద్దం మీద ఎప్పుడూ ఉండేది. అన్నిటికంటే ఘోరం, ఎవరూ చెప్పకుండానే గిన్నెలు కడిగేవాడు. అరాచకవాదుల ఇంట్లో తనంతట తాను గిన్నెలు కడిగేవాడిని అనుమానించకపోతే ఇంకెవరిని అనుమానించాలి?

డెరెక్ మాత్రం అతన్ని చూడగానే గరిటె వదిలేసి వచ్చి కౌగిలించుకున్నాడు. చచ్చావనుకున్నాం కదరా అంటూ వీపు మీద చరిచాడు. ముగ్గురూ వంటగదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. డెరెక్ పాత కబుర్లు తవ్వి పోశాడు. మంచులో వ్యాను లోయలోకి జారబోయిన రోజు, నక్కల వేటకొచ్చిన దొరల కుక్కలకు అడ్డంగా పడుకున్న రోజు, ఒక పల్లె హాల్లో జనం కంటే బృందమే ఎక్కువున్న రోజు. మాల్కమ్ ప్రతిదానికీ తలూపి, డెరెక్ మరిచిపోయిన ఊరి పేర్లు అందిస్తున్నాడు. ఏ ఊళ్ళో ఎందరొచ్చారో కూడా చెప్పాడు. ఆ రెండేళ్ళంత బాగా తను మళ్ళీ బతకలేదని అన్నప్పుడు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బెవ్ ఆ నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది. నిజం నీళ్ళలాగే ఉన్నాయి. అందుకే ఆమెకు ఇంకా నచ్చలేదు.

"'ఎవడు పంపాడు' మొదటి చరణం చెప్పు," అంది.

డెరెక్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. మాల్కమ్ చెంచా కింద పెట్టాడు. తప్పించుకోవచ్చు. మరిచిపోయానంటే పోయేది. కానీ అతను బల్ల వైపు చూస్తూ, పాడకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"వీధి దీపం నన్ను చూసి గుర్తెట్టుకుంటోంది. పాలసీసా మూతకింద ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. మా బామ్మ టీ కప్పులో మిగిలిన ఆకులు కూడా ఎవడో పట్టుకుపోయి చదువుకుంటున్నాడు."

టీ ఆకులు చూసి జాతకం చెప్పే బామ్మ బెవ్‌కూ బామ్మే. ఆ మాట జెన్‌దే, ఇంకెవరిదీ కాదు. నాలుగేళ్ళు ఆ పాటకు బాస్ వాయించి, అందులో బామ్మ ఉందని ఆమెకు ఇవాళ తెలిసింది.

"ఆ మోతలో నీకెలా వినబడింది రా?" అన్నాడు డెరెక్. అతని గొంతులో ఇంకా ఆశ్చర్యమే ఉంది, అనుమానం లేదు.

"వినడమే నా ఉద్యోగం, డెరెక్."

డెరెక్‌కు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. బెవ్‌కు పట్టలేదు. మొదట ఆమెకు కలిగింది కోపం కాదు. విజయం. నలభై ఏళ్ళుగా పిచ్చిదన్నారు, పామన్నారు, తాడన్నారు. ఇదిగో పాము, బల్ల దగ్గర కూర్చుని కూర తింటోంది. ఆ గర్వం రెండు గుటకల సేపుంది. ఆ తర్వాత కోపం వచ్చింది.

అసలు పేరేంటని అడిగింది. నార్మన్ అన్నాడు.

"నార్మన్," అంది బెవ్. "నలభై ఏళ్ళు ఒక మాల్కమ్‌ని అనుమానించాను. తీరా చూస్తే నార్మన్."

అతను అన్నీ తనే చెప్పాడు. పోలీసుల్లో అలాంటి పనికి ఒక చిన్న జట్టు ఉండేది. జుట్టు పెంచుకోమన్నారు, వ్యాను ఇచ్చారు, వెళ్ళి వినమన్నారు. అలా దొంగపేర్లతో చొరబడిన పోలీసుల మీద జరుగుతోందని ఈమధ్య పేపర్లలో వస్తున్న విచారణ అతని దాకా వచ్చింది. వసంతంలో పేరు బయటపెడతారు. ఆ పేరు పేపర్లో చదివే కంటే తన నోటి నుంచి వింటే మేలనుకున్నాడు. క్షమించమని అడగలేదు. అడిగితే కూర ముఖాన కొట్టాలని బెవ్ సిద్ధంగా ఉంది.

"నా చెల్లెల్ని ముట్టుకున్నావా?"

"లేదు."

"నీకు పిల్లలుంటే వాళ్ళ మీద ఒట్టేసి చెప్పు."

"లేదు, బెవ్. ఒట్టు."

ఒట్లు వేయడం కూడా అతని ఉద్యోగంలో భాగమే అయివుంటుందని ఆమెకు తోచింది. నమ్మాలో మానాలో తెలియని చోట నమ్మకుండా ఉండడమే ఆమెకు అలవాటు. ఇప్పుడూ నమ్మలేదు. అబద్ధమని మాత్రం అనలేకపోయింది.

అతను కోటు లోపలి జేబులోంచి ఒక క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టాడు. జాకెట్ లోపల మైకు పెట్టుకుని, వేదిక పక్కన, జెన్ ముందున్న స్పీకర్ దగ్గరే నిలబడేవాడట. పైవాళ్ళకు అసలు టేపు ఇచ్చి, ఈ ఒక్కదానికి మాత్రం నకలు తీసి దాచుకున్నాడు. పాట బాగుందని దాచుకున్నాడు. ఏళ్ళ తరబడి కారులో విన్నాడు.

"ఇందులో ఉంది," అన్నాడు. "జెన్ గొంతు."

బెవ్ చెయ్యి తనంతట తానే క్యాసెట్ మీదకు పోయింది. డెరెక్ ఆ చేతిని పట్టుకున్నాడు. అతని ముఖం తెల్లబడింది. నవ్వేవాడికి కోపం వస్తే చూడలేం.

"నేను కాదంటున్నా," అన్నాడు. "మన పద్ధతి గుర్తుందిగా. ఒక్కరు కాదంటే ఆగాలి. వీడి చేతిలోది మనకొద్దు. వాళ్ళు దాన్ని దొంగిలించారు బెవ్, ఇప్పుడు మనకే బహుమానం ఇస్తున్నారు."

అతను అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. జెన్ గొంతు లోకంలో మిగిలి ఉన్నది ఒక పోలీసు జేబులో. అది తీసుకుంటే, వీళ్ళు చేసింది మంచికేనని ఒప్పుకున్నట్టు. తీసుకోకపోతే, చెల్లెల్ని రెండోసారి పాతిపెట్టినట్టు. బెవ్ డెరెక్ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసింది.

"క్షమించరా," అంది. "నాకు అది కావాలి."

తను కాచుకుంటూ వచ్చిన పద్ధతిని ఆమె దాటడం డెరెక్ ఎప్పుడూ చూడలేదు. అతను ఆమె వెనకే లేచాడు.

అప్పుడు నార్మన్ ఒక మాట అన్నాడు. "ఇంటికి తీసుకెళ్ళు. ఒక్కదానివే విను. దయచేసి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. బెవ్ గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఒక్కదానివే ఎందుకు? ఇప్పుడు కంప్యూటర్లో ఎవరి గొంతు కావాలంటే ఆ గొంతు తయారు చేస్తున్నారని ఆమె చదివింది. ఒక్కర్తే వింటే ఏడుస్తుంది, ఏడిస్తే నమ్ముతుంది, నమ్మితే విచారణలో వీడికి మంచి మాట చెబుతుంది. ఇదీ ఎత్తు. చాటుగా వినడం, మూసిన తలుపుల వెనక వినడం, ఒంటరిగా వినడం, అదంతా వాళ్ళ పద్ధతి. మా ఇంట్లో గదులకు తలుపులే లేవు, తీసి పొయ్యిలో పెట్టేశాం అనుకుంది. ఆ ఇల్లు, ఆ తలుపులు లేని గదులు, ఎవరికీ ఏ రహస్యమూ లేని ఆ నాలుగేళ్ళు ఆమె కళ్ళ ముందు కదిలాయి.

"అందరూ వింటారు," అంది. "జెన్ అందరిదీ."

"బెవ్, నా మాట విను. రెండో చరణం..."

"నీ మాట చాలా విన్నాం, నార్మన్."

వేదిక పక్క శబ్దం చూసే బల్ల మీద పాత క్యాసెట్ యంత్రం ఒకటి ఉంది. టెస్‌ను మైకు తీసుకోమని, ఇది జెన్ గొంతని, ఎనభై నాలుగులో పాడినదని చెప్పమంది. ఎలా దొరికిందో కూడా చెప్పమంది, దాచవద్దంది. టెస్ చెప్పింది. హాల్లో గొణుగుడు లేచింది, కొందరు వెనకే వచ్చి కిటికీ పక్కన నిలబడిన నార్మన్ వైపు తిరిగారు, ఒకరెవరో ఛీ అన్నారు. ఆ తర్వాత చెవి మిషన్లు ఉన్నవాళ్ళు చప్పుడు పెంచుకున్నారు.

బెవ్ మీట నొక్కింది.

ముందు గుడ్డ రాసుకుంటున్న చప్పుడు, జాకెట్ లోపల కదిలే చప్పుడు. ఎవరిదో దగ్గు. ఆ తర్వాత ఉస్సుమని ఒక చిన్న శబ్దం, మళ్ళీ ఒకటి. ఉబ్బసం మందు గొంతులోకి పీల్చుకునే శబ్దం. పాడే ముందు జెన్ రెండుసార్లు పీల్చేది, జనానికి వీపు తిప్పి, వాళ్ళకు కనబడకుండా. అది ఏ కంప్యూటరుకూ తెలియదు. బెవ్ స్పీకర్ పెట్టె మీద కూర్చుండిపోయింది.

"ఇది మా వీధి పాట," అంది జెన్. సన్నటి గొంతు. అరవకముందు ఆమె గొంతు ఇంత సన్నగా ఉండేదా? ముక్కుతో మాట్లాడేది, మాట చివర నవ్వేది. అదే. బెవ్ రెండు చేతులతో నోరు మూసుకుంది. సంతోషం కూడా నొప్పిలా ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

పాట మొదలైంది. నార్మన్ చెప్పినట్టే డ్రమ్ములు ఎక్కడో వెనక ఉన్నాయి, జెన్ గొంతు ముందుంది. ప్రతి మాటా వినబడుతోంది. వీధి దీపం, పాలసీసా, బామ్మ కప్పు. బామ్మ మాట వినబడగానే హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు. పల్లవి రాగానే హాలంతా టేపుతో గొంతు కలిపింది. ఎవడు నువ్వు, ఎవడు పంపాడు. ఏడుస్తూ అరిచారు, పిడికిళ్ళు ఎత్తి అరిచారు. డెరెక్ కూడా బల్ల మీద వేళ్ళతో దరువు వేశాడు. నలభై ఏళ్ళలో ఆ మేడమీద ఇంత ఆనందం ఎవరూ చూసి ఉండరు.

రెండో చరణం వచ్చింది.

"పొద్దున్నే లేచి నా కోటు జేబులు వెతుకుతుంది. నా టీలో పాలు పడ్డాయేమోనని రంగు చూస్తుంది. పంది మాంసం తిన్నానేమోనని నోరు ఊదమంటుంది. పాడమంటుంది, పాడింది దాచుకోవద్దంటుంది. అందరూ సమానమే ఈ ఇంట్లో, బాస్ వాయించే మా అక్క తప్ప."

చివరి మాట దగ్గర జెన్ నవ్వింది. కోపంగా కాదు. అక్క ఎలాగూ వినదని తెలిసిన చెల్లెలి నవ్వు.

వెంటనే టేపులో పల్లవి అందుకున్నారు. హాల్లో ఒక్కరూ అందుకోలేదు. ఎత్తబోయిన పిడికిళ్ళు ఒళ్ళోకి దిగిపోయాయి. అందరూ బెవ్‌ను చూడకుండా ఉండడానికి నేల చూస్తున్నారు. టేపులో మాత్రం ఎనభై నాలుగు నాటి జనం ఉత్సాహంగా అరుస్తున్నారు. వాళ్ళందరిలోకి ఒక గొంతు బిగ్గరగా, మిగతావాళ్ళకంటే ముందుగా, ప్రాణం పెట్టి అరుస్తోంది. ఎవడు నువ్వు, ఎవడు పంపాడు, ఎవడి చెవివి నువ్వు. అది ఎవరి గొంతో బెవ్‌కు గుర్తుపట్టడం కష్టం కాలేదు. తనదే.

ఆమె కిటికీ వైపు చూసింది. నార్మన్ తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఆ చరణం అతనికి నలభై ఏళ్ళుగా తెలుసు. వ్యానులో ఆమె పక్కన కూర్చున్నప్పుడూ తెలుసు, ఇంటి గిన్నెలు కడిగినప్పుడూ తెలుసు. ఒంటరిగా వినమని బతిమాలిందీ అందుకే. ఆ హాల్లో తనను కాపాడాలని చూసినవాడు ఆ పోలీసు ఒక్కడే. అతన్ని ఆమె దేనికైనా క్షమించగలదేమో గానీ, దానికి మాత్రం క్షమించలేదు.

డెరెక్ లేచి వచ్చాడు. ఆమె భుజం మీద చెయ్యి వేసి, రెండో చేతిని యంత్రం మీట దగ్గరకు చాపాడు.

"ఆపకు," అంది బెవ్. ముఖం అంతా తడిగా ఉంది, తుడుచుకోలేదు. "పాడనీరా దాన్ని. ఈసారైనా వింటాను."

డెరెక్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. టేపులో జెన్ ఊపిరి పీల్చుకుని మూడో చరణం అందుకుంది. బెవ్ స్పీకర్ దగ్గరకు జరిగి, దానికి చెవి ఆనించి కూర్చుంది.